నా కడుపుకి డైటీషియన్, దాని కడుపుకి నేను

"నీకు చాలు అని చెప్పడానికి డైటీషియన్ కావాలి, నాకు నా కడుపే చెప్తుంది కదమ్మా" అని మా పెద్దది ప్లేటు పక్కకి నెట్టేసింది. ఇంట్లో ఇంగ్లీషులోనే కొట్లాడే పిల్ల, ఇది మాత్రం శుభ్రంగా తెలుగులో అంది, నాకు బాగా తగలాలనేమో.

విషయం ఏంటంటే నా హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు మెట్టు అంటారు. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 25 దాటలేదు కదా అని నేను ధీమాగా ఉన్నా, మన ఆసియా వాళ్లకి రిస్క్ 23 నుంచే పెరుగుతుందని డబ్ల్యూహెచ్ఓ నిపుణులు 2004లోనే చెప్పారట.

అందుకే డైటీషియన్ దగ్గరికి వెళ్లా. మీలో అలా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. న్యూట్రిషనిస్ట్ అని చాలా చోట్ల ఎవరైనా బోర్డు పెట్టేసుకోవచ్చు, అందుకే ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి, మొదటి రోజే పౌడర్ డబ్బా అంటగట్టబోతే లేచి వచ్చేయండి. రిపోర్టులు, వాడే మందుల లిస్టు, ఒక మూడు రోజులు తిన్నదంతా రాసి పట్టుకెళ్లండి, అందులో ఒకటి వీకెండ్ అయ్యుండాలి, మన అసలు రంగు బయటపడేది అప్పుడే.

మన తిండి మానేయమంటుందని గొడవకి రెడీ అయ్యే వెళ్లా. ఆవిడ ఏదీ మానమనలేదు. "తినడం ఎప్పుడు ఆపుతారు?" అని అడిగింది. ప్లేటు ఖాళీ అయ్యాక అన్నా. నాది అయ్యాక పిల్లలు వదిలేసినవి కూడా. ఆవిడ ఏమీ అనకుండా రాసుకుంది.

పిల్లల సంగతి కూడా అడిగా. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ పని, ఎంత తినాలన్నది వాళ్ల పని అంది. బుద్ధిగా తల ఊపి వచ్చి, ఆ రాత్రే "ఇంకో రెండు ముద్దలే" అని వెంటపడ్డా. వీడియో కాల్‌లో మా అమ్మ "పిల్ల చిక్కిపోయిందేంటే, తిండి పెట్టట్లేదా" అంటే ఎవర్ని చూపించను, డైటీషియన్‌నా?

కడుపు మాట వినడం నేను డబ్బులిచ్చి నేర్చుకుంటున్నా, దానికి పుట్టుకతో వచ్చినదాన్ని నేనే పోగొడుతున్నానేమో. అలా అని వదిలేస్తే స్కూల్లో తినేవే చాలని మన వంట మొత్తం వద్దంటుందేమో. ఈ భయం దాని ఆరోగ్యం గురించో, నా గురించో కూడా తెలీట్లేదు. వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడుగుదామనుకుంటున్నా, ఇది ఆవిడ సిలబస్‌లో ఉందో లేదో మరి.