30 ఏళ్ల యానివర్సరీ పీఎస్5 డల్లాస్ నుంచి మా ఇంటికి ఎలా వచ్చిందంటే

పీఎస్5 అంటే సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషను. అందులో లిమిటెడ్ ఎడిషన్ అంటే లోపల మిషను అదే, పైన ప్లాస్టిక్ రంగే వేరు, ఈ మాట డల్లాస్‌లో ఉండే మా బావ ఫోన్లో నాకు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు కాబట్టి మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు. తెలిసే కొన్నాను.

2024 సెప్టెంబర్‌లో సోనీ వాళ్ళు ప్లేస్టేషన్ 30 ఏళ్ల కలెక్షన్ అనౌన్స్ చేశారు. మొదటి ప్లేస్టేషన్ జపాన్‌లో 1994 డిసెంబర్ 3న వచ్చింది కదా, ఆ పాత బూడిద రంగులోనే పీఎస్5 ప్రో (అన్నిటికంటే పవర్ ఎక్కువున్న మోడల్), డిజిటల్ ఎడిషన్ (డిస్క్ డ్రైవ్ లేనిది), పోర్టల్ (చేతిలో పట్టుకుని ఆడేది), కంట్రోలర్లు అన్నీ దించారు. ప్రో బండిల్ మాత్రం ప్రపంచం మొత్తానికి 12,300 సెట్లే, ఒక్కోదాని మీద దాని నంబరు ఉంటుంది. ఆ 12,300 ఏంటంటే 12వ నెల 3వ తారీకు, అంతే. 2014లో పీఎస్4 20 ఏళ్ల ఎడిషన్ కూడా సరిగ్గా అన్నే చేశారు, అదీ ఇదే రంగు. 2018లో లోపలి పార్టులు లీలగా కనపడే నీలం రంగు పీఎస్4 ప్రో వచ్చింది, అది 50,000 చేశారు, దానికే దొరక్క ఏడ్చినవాళ్ళు ఉన్నారు, ఇక 12,300 అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే ప్రో మీద నేను ఆశ పెట్టుకోలేదు. ధర 1,000 డాలర్లు, పైగా అప్పటికి మన దేశంలో ప్రో అసలు రిలీజే కాలేదు, అందులో ఉన్న వైఫై 7 అనే కొత్త రకం వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ పర్మిషన్ లేదు. ఎవరి చేతైనా తెప్పిద్దామన్నా కస్టమ్స్ లెక్క ఉంది. అప్పటి రూల్ ప్రకారం ఒక్కొక్కరికి 50,000 రూపాయల దాకా డ్యూటీ లేదు, అది దాటితే దాటినదాని మీద 38.5 శాతం. ప్రో బండిల్‌కి అదే పదమూడు వేల పైన అవుతుంది. అక్కా బావా ఇద్దరూ ఇండియా వస్తున్నారు కదా, ఇద్దరి లిమిట్టూ కలిపేసి లక్ష అనుకుందాం అంటే కుదరదు, ఒకే వస్తువుకి అలా కలపనివ్వరు. డిజిటల్ ఎడిషన్ 500 డాలర్లు, అప్పటి మామూలు దానికంటే 50 ఎక్కువ, అక్కడి సేల్స్ టాక్స్ కలిపినా 50,000 లోపే. సో అదే ఫిక్స్.

ప్రీఆర్డర్లు సెప్టెంబర్ 26న మొదలు, ముందు సోనీ సొంత సైట్లోనే. ఇక్కడ నా అకౌంట్ పనికిరాదు, అమెరికా అకౌంట్ ఉండాలి, అక్కడి అడ్రస్ ఉన్న కార్డ్ ఉండాలి. బావ చేత అకౌంట్ తెరిపించి, కార్డూ అడ్రసూ ముందే సేవ్ చేయించి పెట్టాను. "ఒరేయ్, ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాన్రా, ఇదేదో క్యూ అంటోంది" అని మెసేజ్ పెట్టాడు, నేనేమో ఇక్కడ అన్నం ముందు కూర్చుని "బావా ఆ పేజీ రిఫ్రెష్ కొట్టకు, కొడితే వెనక్కి పోతాం" అని బతిమాలుకుంటున్నా. మా వంతు వచ్చేసరికి కంట్రోలర్లు తప్ప ఏం మిగల్లేదు.

అక్టోబర్ 10న మిగతా షాపుల్లో పెట్టారు. ఒక షాపులో ఆర్డర్ పడింది, డబ్బులు కూడా హోల్డ్ అయ్యాయి, తర్వాత స్టాక్ లేదని వాళ్ళే క్యాన్సిల్ చేసేశారు, కారణం అడిగితే సమాధానం లేదు. ఈలోపు ఇక్కడ హైదరాబాద్‌లో ఒకాయన ప్రో బండిల్ తెప్పిస్తానని చెప్పిన రేటుకి నా బండి లాంటిది ఇంకోటి వచ్చేస్తుంది. చివరికి ఇంకో స్టోర్లో దొరికింది, నవంబర్ 21 రిలీజ్ తర్వాత బావ ఇంటికి చేరింది.

ఇక్కణ్ణుంచి అసలు గొడవ, డబ్బా. బావ ఏమో మిషను ఒక్కటే బ్యాగులో పడేసుకుని వస్తా, అట్టపెట్టె ఎందుకు దండగ అంటాడు. ఇలాంటి వాటిలో సగం విలువ ఆ అట్టపెట్టెదే అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు, అక్క చెప్తే అయింది. కన్సోల్ క్యాబిన్ బ్యాగులో, ఖాళీ డబ్బా పెద్ద సూట్‌కేసులో, ఆ డబ్బా నిండా పిల్లల స్వెటర్లూ చాక్లెట్లూ. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర ఆపి ఇదేంటని అడిగారట, బిల్లు ప్రింట్ తీసి పెట్టుకోమని ముందే చెప్పాను కాబట్టి అది చూసి పంపించేశారు. ఫోన్లో చూపిద్దాంలే అనుకోవద్దు, ప్రింట్ ఉంటే ఆ గొడవే ఉండదు.

ఇంటికొచ్చాక విప్పితే నాకు అన్నిటికంటే నచ్చింది కన్సోల్ కాదు, ఒక చిన్న ముక్క. యూఎస్‌బీ వైరు చివర తొడిగేది, చూడ్డానికి అచ్చం పీఎస్1 కంట్రోలర్ ప్లగ్గే. గంటకింత అని ఇచ్చి ఆడుకున్న వీడియో గేమ్ షాపులో ఆ ప్లగ్గు లూజైతే షాపాయన ఊది మళ్ళీ గుచ్చేవాడు, అది గుర్తొచ్చింది. ఇంకా ప్లేస్టేషన్ నాలుగు గుర్తుల ఆకారంలో వైర్లు కట్టుకునే టైలు, స్టిక్కరు, పేపర్ క్లిప్పు, 30 రకాల పోస్టర్లలో ఏదో ఒకటి.

కరెంటు భయం అక్కర్లేదు, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. పిన్ను మాత్రం అమెరికాది, కానీ వైరు రెండో చివర పాత టేప్ రికార్డర్ వైరు లాంటిదే, ఇంట్లో ఉన్నదే పట్టేసింది. వారంటీ మీద మాత్రం ఇక్కడ ఆశలు పెట్టుకోకండి.

ఇంకోటి, డబ్బాలో డిస్క్ డ్రైవ్‌కి బూడిద రంగు కవర్ ఇస్తారు, డ్రైవ్ ఇవ్వరు! అది విడిగా 80 డాలర్లు, పైగా ప్రోలో కూడా డ్రైవ్ ఉండదు కాబట్టి అది అనౌన్స్ అయ్యాక అందరూ ఎగబడి కొనేశారు, ఆ సీజన్‌లో ఎక్కడా స్టాక్ లేదు. కొన్నాళ్ళయ్యాక బావ ఫ్రెండ్ ఒకాయన వస్తూ తెచ్చిపెట్టారు. మొదటిసారి తగిలించేటప్పుడు ఇంటర్నెట్ ఉండాలి, లేకపోతే పెయిర్ అవ్వదు. గేమ్ డిస్కులకి రీజియన్ గొడవ (ఒక దేశం డిస్కు ఇంకో దేశం మిషన్లో ఆడకపోవడం) లేదు, సినిమా బ్లూరేలకి ఉంది, అమెరికా ఒక రీజియన్, మనం ఇంకోటి.

మొన్న బావ ఫోన్ చేసి, వాళ్ళ ఆఫీసులో ఎవరో ప్రో బండిల్ సీల్ కూడా తీయకుండా అమ్ముతున్నారని నోరు జారాడు. ఎంతకిస్తారో కనుక్కో బావా అన్నాను, ఫోన్ అక్కకి ఇచ్చేశాడు.