మూడో తొట్టి మళ్ళీ పాలిపోయింది

నందివర్ధనం కూడా పోయేలా ఉంది. ఇదే తొట్టిలో ముందు బిళ్ళగన్నేరు కుళ్ళింది, తర్వాత నూరు వరహాలు పసుపెక్కి మోడైంది. నూరు వరహాల నఖరాలు అందరికీ తెలిసినవే, దాన్ని వదిలేద్దాం. కానీ బిళ్ళగన్నేరు? డ్రైనేజీ గోడ పగుళ్ళలో ఎవరూ నాటకుండానే మొలిచి పూసే మొక్క అది. అదే బతకలేదంటే తొట్టిలోనే ఏదో తేడా ఉంది. అదేంటో తేలేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర ఫ్లైఓవర్ ర్యాంపు పక్కన ఫుట్‌పాత్ మీద ఒకే వరసలో నాలుగు సిమెంటు తొట్లున్నాయి. ఎప్పుడో అందానికని పెట్టి, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. వాటిల్లో ఇప్పుడు నేనే మొక్కలు నాటి చూసుకుంటున్నాను. ఒకటో దాంట్లో గన్నేరు నడుం ఎత్తు పెరిగి పూస్తోంది. రెండో దాంట్లో కలబంద, నాలుగో దాంట్లో స్నేక్ ప్లాంట్ బాగున్నాయి. కాస్త ముందుకెళ్తే, చెట్టు లేని ట్రీ గార్డులో వేసిన కానుగ కంచె దాటింది. ఇక అంతా మూడో దాని గొడవే.

కొలతలు: లోపల పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, లోతు పదహారు అంగుళాలు. పై ఆరు అంగుళాలు నేను పోసిన ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు. దాని కింద ఉన్నదంతా పాతదే. కింద అంగుళం పైపుతో నీళ్ళు పోవడానికి దారి వదిలారు గానీ దాన్నిండా సిమెంటు గడ్డకట్టింది. ఇనుప చువ్వతో ఎంత పొడిచినా కదల్లేదు. చివరికి బాష్ డ్రిల్‌కు పన్నెండు మిల్లీమీటర్ల కాంక్రీట్ బిట్ బిగించి, అడుగు నుంచి రెండు అంగుళాల పైన పక్కగోడకు ఐదు రంధ్రాలు పెట్టాను. ఈ పనికి చవక డ్రిల్లులు పనికిరావు, సగం గోడకే వేడెక్కి కాలిన వాసన కొడతాయి. రంధ్రాలు పెట్టాక బకెట్ నీళ్ళు పోస్తే పది నిమిషాల్లో పక్క నుంచి కారాయి. అంటే బిళ్ళగన్నేరు కాండం మట్టి దగ్గర నల్లబడి, తడి ఉండగానే వాడిపోవడానికి కారణం నీళ్ళు నిలవడమే అనుకోవచ్చు. ఆ లెక్క సరిపోయింది.

కానీ పసుపు ఆగలేదు. నందివర్ధనంలో ముదురాకులు ముదురు పచ్చగానే ఉన్నాయి, చిగుళ్ళు మాత్రం నిమ్మపండు రంగు. దగ్గరగా చూస్తే ఆకులో ఈనెలు సన్నగా పచ్చగా ఉండి, వాటి మధ్య భాగమంతా పాలిపోయి ఉంది. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పాలిపోతాయి. చిగుళ్ళతో మొదలైందంటే ఇనుము అందడం లేదన్నమాట. మట్టిలో ఇనుము లేదని కాదు, ఉన్నా వేరు తీసుకోలేకపోతోంది.

మట్టిలో సున్నం ఎక్కువైతే ఇలాగే అవుతుంది కాబట్టి వెంటనే దాని మీద అనుమానం వచ్చింది. సున్నం ఉంటే వెనిగర్ పడగానే పొంగుతుంది. మూడు లోతుల్లో మట్టి తీసి వెనిగర్ చుక్కలు వేశాను. పైన రెండు అంగుళాల మట్టి నుంచి చప్పుడే లేదు. ఆరు అంగుళాల దగ్గర సన్నగా చుయ్‌మంది. పది అంగుళాల దగ్గర మట్టైతే సోడా పోసినట్టు నురగ కట్టింది. జల్లెడ పడితే అందులో ప్లాస్టరింగు పెచ్చులు, టైల్స్ ముక్కలు, బూడిద రంగు గరుకు పొడి. అంటే తొట్టి నింపినప్పుడు కింద సగం కట్టుబడి చెత్త కుక్కి, పైన మట్టి కప్పారు. బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పీహెచ్ స్ట్రిప్ ముంచితే ఎనిమిదిన్నర దగ్గర చూపించింది, ఏడు దాటితే క్షారం కిందే లెక్క. స్ట్రిప్‌లను నేను పెద్దగా నమ్మను, అర పాయింటు అటూ ఇటూ అనుకున్నా ఎక్కువే. మట్టిలో గుచ్చి ముల్లు చూసుకునే, తడి, వెలుతురు, పీహెచ్ మూడూ చెప్తామనే మీటర్లు మాత్రం కొనకండి, పొడిమట్టికి ఒక మాట, తడిమట్టికి ఒక మాట చెప్తాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. రెండో తొట్టి అడుగున కూడా ఇదే చెత్త ఉంది, తవ్వి చూశాను. అక్కడ కలబంద నిక్షేపంగా ఉంది. కలబందకు లోతు వేళ్ళుండవు కాబట్టి కావచ్చు. లేదా రెండో అనుమానం, నీళ్ళు. ఎండాకాలమంతా మూడో తొట్టికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు పోశాను, దగ్గర కదా అని. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ను ముంచితే ఆ నీళ్ళకు 1150, మా ఇంట్లో కుళాయికి వచ్చే కృష్ణా నీళ్ళకు 310. తొట్టి అంచున తెల్లగా పేరుకున్న పొర కూడా ఆ బోరు నీళ్ళదే. అడుగు నుంచి ఒక సున్నం, పై నుంచి ఒక సున్నం.

మూడో అనుమానం వాన. తొట్టి రోడ్డు వైపు కొస సరిగ్గా ఫ్లైఓవర్ అంచు కింద ఉంటుంది, గోడ వైపు కొస లోపలికి ఉంటుంది. ఒక పెద్ద వాన ముందు రెండు కొసల్లో రెండు ఖాళీ పెరుగు డబ్బాలు పెట్టాను. రోడ్డు వైపు డబ్బా నిండి పొర్లింది. గోడ వైపు దాంట్లో అడుగు తడిసిందంతే. అంచు నుంచి జారే ధారకు మట్టిలో గుంట కూడా పడింది. అయితే పసుపు రెండు కొసల్లోనూ ఒకేలా ఉంది కాబట్టి దీన్ని అసలు దోషి అనలేను.

మందు విషయానికొస్తే, మన రైతులు వాడేదే వాడాను: లీటరు నీళ్ళకు అయిదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ. పక్కనే టీ బండి పెట్టే అన్న చూస్తూ, "మళ్ళా పోయిందా సార్? దిష్టి తగిలింది దానికి, నిమ్మకాయ కట్టండ్రి" అన్నాడు. నిమ్మ ఉప్పు ఎట్లాగూ కొడుతున్నా కదన్నా అన్నాను. మందు పడ్డ ఆకులు వారంలో పచ్చబారాయి, ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్ళీ నిమ్మ రంగే. ఇనుము పాత ఆకు నుంచి కొత్త ఆకుకు నడిచి వెళ్ళదు మరి. ఇలాంటి మట్టికి ఐరన్ చిలేట్, అంటే సున్నానికి చిక్కకుండా వేరుకు అందేలా చేసిన ఇనుము, పోయాలంటే ఈడీటీఏ రకం దండగ, ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్నదే పనిచేస్తుంది. దాని ధర చూస్తే రోడ్డు మీద తొట్టికి పోయబుద్ధి కాదు. జిప్సం వెయ్యమని ఇద్దరు చెప్పారు. అది చౌడుకు మందు, సున్నానికి కాదు. పుల్ల మజ్జిగ పొయ్యమన్నవాళ్ళూ ఉన్నారు. అంత సున్నం ఉన్నంతసేపు ఎంత పులుపు పోసినా మింగేస్తుంది.

ఇంకోటి, కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ బంకమట్టి ఉండ ఉంటుంది. అది ఒకసారి ఎండిందంటే నీళ్ళు లోపలికి దిగవు. కొంతమంది దాన్ని కదిలించొద్దంటారు. కుండీలో అయితే సరే. రోజూ నీళ్ళు పొయ్యలేని రోడ్డు మీద మాత్రం బకెట్లో నానబెట్టి సగం కడిగేసి నాటడమే నా పద్ధతి. నందివర్ధనం అలాగే నాటాను, కాబట్టి తప్పు ఆ బంకమట్టి ఉండలో లేదు.

విత్తన బంతులు, అంటే విత్తనాలు కలిపిన మట్టి ఉండలు, విసరొచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. 1973లో న్యూయార్క్‌లో, పాడుబడ్డ స్థలాల్లో తోటలు వేసిన లిజ్ క్రిస్టీ బృందం కంచెల మీదుగా ఖాళీ స్థలాల్లోకి విసిరింది నిజమే. అడుగున్నర తొట్టిలోకి విసరడం దేనికి, చేత్తో పెట్టొచ్చు. వీధి దీపం స్తంభం మొదట్లో ఉండే దిమ్మెలో నాటే పని కూడా నేను పెట్టుకోను. వానాకాలంలో ఆ స్తంభాల్ని ముట్టుకోవాలంటేనే టెన్షన్, లోపల వైర్లు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి, కింద పది అంగుళాల చెత్త మొత్తం తోడెయ్యడం. లెక్క వేస్తే అయిదు ఘనపుటడుగులు, అంటే దాదాపు పాతిక కిలోల సంచులు పది. మొయ్యడం కంటే ఎక్కడ పడెయ్యాలన్నదే పెద్ద ప్రశ్న. రెండోది, మధ్యలో పన్నెండు అంగుళాల గ్రో బ్యాగును అంచుదాకా పాతి, అందులో నా మట్టి పోసి నందివర్ధనాన్ని దాంట్లోకి మార్చడం. చుట్టూ పాత మట్టిలో ఒకటో తొట్టి గన్నేరు కొమ్మలు గుచ్చేస్తాను. గన్నేరుకు సున్నం లెక్కలేదు, మేకలూ నోరు పెట్టవు. విషం కాబట్టి పిల్లలు తెంపే ఎత్తులో కొమ్మల్ని కత్తిరిస్తూ ఉండాలి, ఫాల్కన్ కత్తెర ఉంది కాబట్టి అది పెద్ద పని కాదు.

రెండో దారికే ఓటు. గ్రో బ్యాగు తెచ్చాను, కొబ్బరి పొట్టు నానుతోంది. నీళ్ళు ఇక కుళాయివే, ఇరవై లీటర్ల క్యాను స్కూటీ ముందు పెట్టుకుని వెళ్తాను. బస్ షెల్టర్ వెనక టైల్స్ మధ్య ఖాళీగా వదిలిన చెట్టు గుంత ఒకటి కనిపించింది, రెండడుగులకు రెండడుగులు. ఈసారి మొక్క కొనే ముందు అక్కడ పలుగుతో అడుగు లోతు తవ్వి, వెనిగర్ చుక్క వేసి చూస్తాను.