మామిడి తోటలో పురుగుల సర్వే

పెదనాన్న మామిడి తోట గట్టు మీద మలేజ్ ట్రాప్ కట్టాం. చూడ్డానికి దోమతెర గుడారంలా ఉంటుంది. 1930లలో రెనే మలేజ్ అనే స్వీడన్ కీటక శాస్త్రవేత్త తయారుచేసిన పద్ధతి. ఎగిరే పురుగులు తెరకు తగిలితే చాలామటుకు వెలుతురు వైపు పైకే పాకుతాయి. ఆ పైకొసనే ఆల్కహాల్ సీసా. ఇన్ని ప్రాణాలు తీస్తున్నామన్న ఇబ్బంది నాకైతే పోలేదు.

సీసాని తెల్ల పళ్ళెంలో ఒంపితే ఘాటుకి పెదనాన్న ముక్కు మూసుకునే వంగి చూశారు. తేనెమంచు పురుగుని ఇట్టే పట్టేశారు. కందిరీగలు సరే. అడుగున పేరుకున్న బూడిదరంగు నలుసుల్ని చూసి, "ఇవన్నీ దోమలేగా, పారబొయ్యి" అన్నారు.

అసలు పని వాటితోనే! వరిలో ఉల్లికోడు పురుగు తెలుసుగా, చాలావరకు దాని చుట్టాలే ఇవి. ప్రపంచంలో ఎక్కడ ఈ ట్రాప్ కట్టినా ఈ కుటుంబం బోలెడంత పడుతుంది, అందులో పేరు పెట్టనివే ఎక్కువ. మైక్రోస్కోప్ కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే చిమటాతో ఒక్కో కాలు తుంచి డీఎన్ఏ పరీక్షకి పంపుతాం. సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదివితే చాలావరకు జాతులు విడిపోతాయి. కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన పద్ధతిది. తెలిసిన జాతుల డీఎన్ఏ డేటాబేస్‌లో జోడీ దొరక్కపోతే పేరు రాదు, నంబరే.

"నంబరు సరేరా, వీటిలో దేనికి మందు కొట్టాలో చెబుతుందా?" అన్నారు పెదనాన్న. చాలావాటికి అసలు కొట్టక్కర్లేదంటే నమ్మరే!