వాషింగ్టన్ కొండపైకి నా పరుగు

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో వాషింగ్టన్ పర్వతం మీదికి జూన్‌లో జరిగే పరుగు పందెంలో ఎక్కవలసిన కొండ ఒక్కటే; అయితే 7.6 మైళ్లలో దాదాపు 4,650 అడుగులు పైకి చేరాలి, దారి సగటున 12 శాతం వాలుతో ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు.

మొదటి మైలులోనే నా పిక్కలు బిగుసుకుపోయాయి. వంద అంగలు పరుగు, యాభై అంగలు నడక అని మనసులో లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నడిస్తే ఓడినట్టేనని అప్పటిదాకా నమ్మిన నాకు, అంతటి వాలులో చురుకైన నడక నెమ్మది పరుగుకు ఏమాత్రం తీసిపోదని అక్కడే అర్థమైంది. చెట్లు అంతమైన చోట గాలి ఒక్కసారిగా ఛాతీని నెట్టింది, చెమటకు తడిసిన చొక్కా మంచులా ఒంటికి అంటుకుంది. 1934లో గంటకు 231 మైళ్ల గాలి నమోదైన శిఖరమిది.

చివరి మలుపులో వాలు 22 శాతం. మోకాళ్లపై చేతులు ఆనించి, కళ్లు నేల మీదే నిలిపి, గీత దాటాను.