తొడమీద తాళం

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కచేరీ వింటూ ఉండగా, పక్కన నిలబడ్డ పెద్దాయన నా మణికట్టును రెండు వేళ్లతో తాకాడు. పట్టుకోలేదు, నెట్టలేదు. తాకి, నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తల అడ్డంగా ఊపి మళ్లీ వేదికవైపు తిరిగాడు. నా చేయి తొడమీద తాళం వేస్తోందని అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆ తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాను. మిగిలిన కచేరీ చెవిన పడింది కాని లోపలికి దిగలేదు. ఇంటికి వెళ్లే రైలులో అదే ఆలోచన. మర్నాడు రాత్రి డ్యూటీలోనూ అదే. తప్పు ఆయనదా, నాదా అని మూడు వారాలు నాలో నేనే వాదించుకున్నాను.

ఆ సమయంలో వాయిస్తున్నది బీథోవెన్ ఏడో సింఫనీలోని రెండో భాగం. దాని ప్రాణమంతా ఒక చిన్న నడకలో ఉంది. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, మళ్లీ రెండు దీర్ఘాలు. మన జతుల్లో చెప్పాలంటే తాం, తక, తాం, తాం. నాలుగు అక్షరాల కాలం. ఎనిమిది అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనంలో, అంటే ఒక చుట్టులో, రెండుసార్లు చక్కగా ఇముడుతుంది. మొదట మంద్రస్థాయి తంత్రీవాద్యాలు దాన్ని గుసగుసగా ఎత్తుకుంటాయి. తర్వాత రెండో వరుస వయొలిన్లు, ఆ తర్వాత మొదటి వరుసవి అందుకుంటాయి. పైన రాగం పెరుగుతూ ఉంటుంది, కింద నడక మాత్రం చెక్కుచెదరదు. ఇన్నేళ్లు మృదంగం ముందు కూర్చున్నవాడి చేయి అలాంటిచోట ఊరుకోవడం ఎప్పుడూ నేర్చుకోలేదు. చప్పుడు చేయాలని నేను అనుకోలేదు. అరచేయి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, వాటి పని అవి చేసుకుపోయాయి.

నేను విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నవాణ్ని. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. తర్వాత ఆ పీఠం మీద ద్వారం వెంకటస్వామినాయుడు గారు కూర్చున్నారు. ఆ ఇద్దరినీ తలచుకోకుండా మా మాస్టారు పాఠం మొదలుపెట్టేవారు కారు. అక్కడ వయొలిన్ నేర్చుకున్న మిత్రుడూ నేనూ కలిసి ఎనిమిదేళ్లు పక్కవాద్యాలు వాయించాం. ఆరాధనలు, నవరాత్రి పందిళ్లు, హరికథలు, ఏవి పిలిస్తే అవి. ఆకాశవాణిలో నాకు బి గ్రేడ్ వచ్చింది. ఆ గ్రేడ్‌తో గౌరవం వచ్చింది కాని ఇల్లు గడవలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి 2009లో ఇక్కడికి వచ్చాను. అప్పటినుంచి ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని, అందులోనూ ఎక్కువ రాత్రి డ్యూటీలే. రక్తం నమూనాలు తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం వేగం అందుకున్నాక ఒకే స్వరం మీద నిలుస్తుంది. ఆ శ్రుతి మీద మనసులోనే ఎన్ని ముక్తాయింపులు, వాయింపుకు ముగింపు పలికే లయ లెక్కలు, కట్టుకున్నానో నాకే తెలియదు.

మృదంగం వెంట తెచ్చుకున్నాను. మొదటి ఏడాది సెలవు రోజుల్లో వాయించాను కూడా. చలికాలంలో హీటర్ల వేడికి గదిలో గాలి పొడిబారి, తోలు బిగుసుకుని శ్రుతి పైకి పోయేది. ఎడమ మూతకు పెట్టిన రవ్వ ముద్ద చూస్తుండగానే ఎండి రాలిపోయేది. అదంతా ఓర్చుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వాయిస్తుంటే తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారింది. ఎంతో మర్యాదగా రాసిన నాలుగు వాక్యాలు. గోడ అవతల పసిబిడ్డ నిద్రపోతోందట. ఆ బిడ్డ నిద్రకన్నా నా సాధన గొప్పదని నేను అనలేను. మృదంగాన్ని సంచిలో పెట్టి ముడివేసి మంచం కిందికి నెట్టాను. ఆ ముడి మళ్లీ విప్పలేదు. అందుకే ఆల్బర్ట్ హాల్‌లో ఆ రెండు వేళ్లు తాకినప్పుడు, తలుపు కిందనుంచి రెండో కాగితం వచ్చినట్టే అనిపించింది.

ఇక్కడి కచేరీలకు వెళ్లడం మూడేళ్లనుంచే అలవాటయింది. ప్రామ్స్ అని ఏటా వేసవిలో ఎనిమిది వారాలపాటు దాదాపు రోజూ కచేరీలు జరుగుతాయి. 1895లో క్వీన్స్ హాల్‌లో మొదలయ్యాయి. 1941లో బాంబు దాడికి ఆ హాలు నేలమట్టం కావడంతో రాయల్ ఆల్బర్ట్ హాల్‌కు తరలివచ్చాయి. వేదికకు ఎదురుగా ఉండే మంచి చోటంతా కుర్చీలు లేకుండా నిలబడి వినేవాళ్లకు వదిలేస్తారు. ఆ టిక్కెట్టు బయట ఒక పూట భోజనం ఖర్చుకన్నా తక్కువ. రాత్రి డ్యూటీ చేసి, పగలు నాలుగు గంటలు పడుకుని, వెళ్లి వరుసలో నిలబడేవాణ్ని. చేతిలో డబ్బు తక్కువున్నవాణ్ని వెనక్కి నెట్టకుండా వాద్యబృందానికి అంత దగ్గరగా నిలబెట్టే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. దానికి ఇప్పటికీ మనసారా నమస్కరిస్తాను.

వాళ్ల నిశ్శబ్దానికి కూడా. వేలమంది ఉన్న హాలులో ఒకే ఒక్క వాద్యం సన్నగా ఊపిరి వదిలినట్టు వాయిస్తుంటే అది చివరి వరుసకు చేరుతుంది. ఆ మెత్తదనాన్ని మోసేది సాటి శ్రోతల నిశ్శబ్దమే. అలాగని వాళ్లు రాయిలా ఉంటారని అనుకోవద్దు. వేదికమీద పియానో మూత ఎత్తేటప్పుడు కింద నిలబడ్డవాళ్లు ఒక కేక వేస్తే, పైన గ్యాలరీలో ఉన్నవాళ్లు బదులు కేక వేస్తారు. అది వాళ్ల పాత సరదా. చప్పట్లు కొడితే పైకప్పు అదురుతుంది. సంగీతం మోగుతున్నంతసేపు మాత్రం చేయి కదలకూడదు.

నాకు కష్టం కలిగించింది అక్కడే. మనకు వినడం అంటే చేతితో కూడా వినడం. ముందు వరుసలో తాళం వేసే చేతులు లేకపోతే కచేరీ ఎవరికోసమని అనిపిస్తుంది. పాటలో ఒక సంగతి పడగానే ‘భళా’ అనకపోతే, విన్నట్టా విననట్టా? ఆ మూడు వారాల్లో నేను పుస్తకాలు తిరగేసింది కూడా ఆ పెద్దాయనతో మనసులో వాదించడానికే. 1778లో మోజార్ట్ పారిస్‌నుంచి తండ్రికి ఉత్తరం రాస్తూ, తన సింఫనీ సాగుతుండగానే శ్రోతలు పరవశించి చప్పట్లు కొట్టారని సంతోషంగా చెప్పుకున్నాడు. అది ఆయనకు నొప్పి కలిగించలేదు. ఎక్కడ కొడతారో ముందే ఊహించి ఆ చోటును మళ్లీ చివర్లో పెట్టుకున్నాడు. 1813 డిసెంబర్‌లో వియన్నాలో బీథోవెన్ ఈ ఏడో సింఫనీని తొలిసారి వినిపించినప్పుడు, నా చేయి ఆడిన ఈ రెండో భాగాన్నే శ్రోతలు మళ్లీ వాయించమని పట్టుబట్టి వాయింపించుకున్నారు. ఈ ప్రామ్స్‌లో కూడా మొదటి రోజుల్లో జనం తింటూ, తాగుతూ, పొగ పీలుస్తూ విన్నవారే. అంటే ఈ కట్టుబాటు సంగీతంతో పాటు పుట్టినది కాదు, మధ్యలో వచ్చి చేరింది. మరి నా చేతిని ఆపే హక్కు ఆయనకు ఎవరిచ్చారు?

ఈ వాదన నాకు చాలా బలంగా కనిపించింది. సెప్టెంబర్‌లో మా వయొలిన్ మిత్రుడు వచ్చేదాకా.

పదహారేళ్ల తర్వాత చూసుకున్నాం. నాలుగు దేశాల్లో కచేరీలకు వచ్చి, మధ్యలో లండన్‌లో మూడు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. జుట్టు నెరిసింది. వయొలిన్ ఒత్తిడికి ఎడమ దవడ కింద పడే మచ్చ అలాగే ఉంటుందేమోనని చూశాను. మనవాళ్లు కింద కూర్చుని గుండెకు ఆనించి వాయిస్తారు కదా, ఆ మచ్చ ఇక్కడి వయొలినిస్టులకు ఉండేది. ఇన్నేళ్లు ఇక్కడివాళ్లను చూసి చూసి నా జ్ఞాపకమే కలిసిపోయిందని అప్పుడు అర్థమై మనసు చివుక్కుమంది. ఆ వాద్యం వాళ్లదగ్గరనుంచే మనకు వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతానికి తెచ్చాడు. వచ్చాక అది మన పద్ధతిలో నేలమీద కూర్చుంది.

మొదటి రాత్రి భోజనాలయ్యాక మణికట్టు సంగతి చెప్పాను. మోజార్ట్ ఉత్తరంతో సహా నా వాదనంతా వినిపించాను. వాడు ఓపిగ్గా విని, ‘ఏరా, మన సభలను నిజంగానే మరిచిపోయావా?’ అన్నాడు.

‘ఏం మరిచిపోయాను?’

‘తని ఆవర్తనం. నేను వయొలిన్ ఒళ్లో పెట్టుకుని తాళం వేస్తూ, నువ్వు మొదలుపెట్టగానే జనం కాఫీకి లేచిపోవడం చూసేవాణ్ని. నువ్వు తలవంచుకుని వాయించేవాడివి. ఇంటికి వెళ్లే బస్సులో ఒక్క మాట కూడా మాట్లాడేవాడివి కాదు. అక్కడ నీ చేయి ఎవరూ పట్టుకోలేదు, నిజమే. పట్టుకోవడానికి వాళ్లు ఉంటే కదా!’

నేను జవాబు చెప్పలేకపోయాను. మృదంగం వాయించినవాళ్లెవరైనా ఈ దెబ్బ ఎరుగుదురు. గాయకుడు రెండు గంటలు పాడి, మృదంగం ఒక్కటే వినబడేలా మనకు పావుగంట వదులుతాడు. తని ఆవర్తనం అంటే అదే. ఆ పావుగంటకోసం నెలరోజులు లెక్కలు కట్టుకుని వస్తాం. తొలి ఆవర్తనానికే కుర్చీలు చప్పుడు చేస్తాయి. నిర్వాహకులు వేదిక పక్కన నిలబడి శాలువాలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఇవన్నీ నాకు తెలుసు. పదహారేళ్లలో నేను వాటిని ఒక్కొక్కటిగా తీసేసి, ముందు వరుసలో తాళం వేసే చేతులను మాత్రమే మిగుల్చుకున్నాను.

ఆ రాత్రి పడుకుని ఆ చేతులు ఎవరివా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎంత తవ్వినా ఒక్కరే కనబడ్డారు. ఒక నవరాత్రి పందిట్లో, జనమంతా లేచాక ముందు వరుసలో మిగిలిన తెల్ల పంచె పెద్దాయన. ఆయన పేరు నాకు తెలియదు. ఏడు అక్షరాల మిశ్రచాపు తాళంలో నేను వేసిన ముక్తాయింపు, పాట మొదలయ్యే చోటైన ఎత్తుగడకు సరిగ్గా వచ్చి పడినప్పుడు ఆయన ‘భళా’ అన్నారు, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. నేను ఎనిమిదేళ్లు వాయించింది ఆ ఒక్క మాటకోసమే కావచ్చు. ‘మన సభ’ అని ఇన్నాళ్లూ గుండెలో పెట్టుకున్నది ఆ ఒక్క మనిషినే.

ఆల్బర్ట్ హాల్‌లో నా చేయి ఆపిన ఆయన కూడా ఆ కచేరీలో ఒక్క స్వరమూ పోగొట్టుకోకూడదని నిలబడ్డవాడే. దాదాపు నలభై నిమిషాలు ఆ వయసులో, కుర్చీ లేకుండా.

శనివారం సాయంత్రం మావాడి కచేరీ వెస్ట్ కెన్సింగ్టన్‌లోని భారతీయ విద్యాభవన్‌లో. 1972లో మొదలైన లండన్ కేంద్రం అది. ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం. వచ్చినవాళ్లలో తమిళులే ఎక్కువ, అందులోనూ శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) కుటుంబాలు చాలా. త్యాగరాజస్వామి సాహిత్యంలో మాటమాటకూ అర్థం తెలిసిన తెలుగువాళ్లం వేళ్లమీద లెక్కించేటంతమందిమి. భాష తెలియనివాళ్లు పిల్లలను శని, ఆదివారాలు బస్సులెక్కించి తీసుకొచ్చి ఆ తెలుగు కృతులే నేర్పిస్తున్నారు. మనం ఎందుకు రావడం లేదో నాకు బాధగానే ఉంటుంది.

మృదంగం మీద ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రవాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. కుడి చేయి శుభ్రంగా ఉంది, ఎడమ చేతి గుంకారం ఇంకా కుదురుకోవాలి. తోడి రాగం అయ్యాక తని ఇచ్చారు. మావాడు వయొలిన్ ఒళ్లో పెట్టుకుని తాళం అందుకుంటూ ముందు వరుసలో ఉన్న నావైపు చూశాడు. నేను చేయి ఎత్తాను. వెనక కుర్చీలు కదిలిన చప్పుడు వినబడింది, తలుపు తెరుచుకుంది, ఎవరో ఫోను వెలిగించారు. నేను వెనక్కి తిరగలేదు. మూడో ఆవర్తనంలో కుర్రవాడు కళ్లెత్తి నా చేతివైపు చూశాడు. ఆ తర్వాత అక్కడినుంచి చూపు తీయలేదు. చివరి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి ఎత్తుగడ మీద వాలింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన ‘భళా’ నాకే వినబడింది.

కచేరీ తర్వాత వాడు మృదంగాన్ని సంచిలో పెడుతూ, ‘అంకుల్, మీరు వాయిస్తారా?’ అని తమిళ యాస తెలుగులో అడిగాడు. తడుముకోకుండా అవునన్నాను.

మిత్రుణ్ని ఆదివారం ఉదయం విమానాశ్రయంలో దింపి వచ్చి, మంచం కిందనుంచి సంచి బయటికి లాగాను. ముడి చేతితో రాలేదు, కత్తెర పెట్టాల్సి వచ్చింది. వార్లు సడలిపోయాయి, కుడి మూత మీద కరణ, ఆ నల్లటి పూత, పగిలింది. ఇక్కడ మూతలు ఎవరు మారుస్తారో ఆ కుర్రవాడికి ఫోను చేసి కనుక్కున్నాను. సోమవారం డ్యూటీకి వెళ్లేముందు రవ్వ పొట్లం ఒకటి కొనుక్కోవాలి.