పెరట్లో బాయిలర్, రెండేళ్ళ ముందు కట్టెలు: నా అనుభవం

మేముండేది విస్కాన్సిన్ ఉత్తరాన, వాసా ఊరికి అరగంట దూరంలో. చుట్టూ పాడి ఫార్మ్‌లు, జిన్‌సెంగ్ తోటలు, మధ్య మధ్యలో అడవి ముక్కలు. గ్యాస్ పైపులైను ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇక్కడ పల్లె ఇళ్ళకి చలికాలం వేడి అంటే లారీలో తెప్పించి ట్యాంకులో నింపుకునే ప్రొపేన్ గ్యాస్, లేదంటే కట్టెలు. మేం కొన్న పాత ఫార్మ్‌హౌస్‌కి రెండూ ఉన్నాయి. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు పెరట్లో రేకుల గదిలాంటిది, పైన పొగగొట్టంతో కనబడితే మా ఆవిడ అది పాతకాలం బాత్రూమ్ అనుకుంది. అదే అవుట్‌డోర్ వుడ్ బాయిలర్.

మొదట్లో దాని జోలికి పోకుండా ప్రొపేన్‌తోనే నెట్టుకొద్దాం అనుకున్నాం. కానీ పాత ఇల్లు, గోడల్లో ఇన్సులేషన్ అంతంత మాత్రం. ఒక చలికాలానికి పన్నెండు వందల గ్యాలన్లు తాగుతుంది. 500 గ్యాలన్ల ట్యాంకులో 80 శాతమే నింపుతారు, గ్యాస్ వ్యాకోచానికి ఖాళీ ఉండాలని. అంటే ఒకసారి లారీ వస్తే దొరికేది 400. గ్యాలన్ రెండు డాలర్లు అనుకుంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. పక్క ఫార్మ్ పెద్దాయన అయితే 2014 సంగతి ఇప్పటికీ చెబుతాడు. 2013 శరదృతువులో మొక్కజొన్న తడిగా చేతికొచ్చి, దాన్ని ఆరబెట్టడానికే బోలెడు ప్రొపేన్ అయిపోయింది, ఆ వెంటనే విపరీతమైన చలి పడింది, జనవరి చివరికి మిడ్‌వెస్ట్‌లో గ్యాలన్ నాలుగు డాలర్లు దాటింది. డబ్బిస్తామన్నా లారీ రాలేదట కొందరికి. ఆయన బాయిలర్ పెట్టుకున్నది ఆ తర్వాతే.

ఇది ఎలా పనిచేస్తుందంటే, మధ్యలో ఇనుప పొయ్యి, దాని చుట్టూ కొన్ని వందల గ్యాలన్ల నీళ్ళు. ఆ నీళ్ళు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కుతాయి, పంపు వాటిని భూమిలో వేసిన పైపుల గుండా ఇంటి బేస్‌మెంట్‌లోకి తోస్తుంది, అక్కడ ఫర్నేస్ మీద కారు రేడియేటర్ లాంటి కాయిల్ ఉంటుంది, ఫ్యాను దాని మీదుగా గాలి వదిలితే ఇల్లంతా వెచ్చన. స్నానాల నీళ్ళు కూడా దీనితోనే. నీళ్ళు కావలసిన వేడికి వచ్చాక డ్యాంపర్ (పొయ్యిలోకి గాలి వెళ్ళే మూత) మూసుకుని మంట అణిగిపోతుంది, పదిపదిహేను డిగ్రీలు తగ్గగానే మళ్ళీ తెరుచుకుంటుంది.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించి ఇదంతా వివరించబోతుంటే సగంలోనే ఆపేశారు. "పొయ్యి బయట, వేడి లోపల. మన బ్యారనేగా రా ఇది!" అన్నారు. మాది కందుకూరు వైపు, పొగాకు కాల్చే బ్యారన్ ఉండేది మాకు. బయట పొయ్యిలో కట్టెలు తోస్తుంటే లోపల రేకు గొట్టాలు వేడెక్కి ఆకు రంగు తిరుగుతుంది. రాత్రిళ్ళు మేలుకుని కట్టెలు తోయడం నాన్నకి కొట్టినపిండి. ఆ వెంటనే ఆయన అడిగిన ప్రశ్న: "కట్టె ఎండిందేనా? పచ్చిదైతే ఎంత తోసినా వేడి ఎక్కదు."

మొత్తం వ్యవహారమంతా ఆ ప్రశ్నలోనే ఉందని తర్వాత తెలిసింది. ఈ పాతరకం బాయిలర్లకి 'ఏ కట్టె పడేసినా మండుతుంది' అని పేరు. నిజమే, పచ్చి దుంగ కూడా మండుతుంది. కాకపోతే పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే, ఆ నీళ్ళు ఆవిరవ్వడానికే వేడంతా పోతుంది, ఇంటికి వచ్చేది తక్కువ, గొట్టంలోంచి వచ్చే తెల్లటి పొగ ఎక్కువ, పొయ్యి గోడలకి తారులా క్రియోసోట్ పట్టడం ఇంకా ఎక్కువ. ఓక్ అయితే చీల్చి పేర్చాక సరిగ్గా ఎండడానికి రెండు వేసవులు కావాలి. మేపుల్‌కి ఒక ఏడాదైనా పడుతుంది. అంటే ఈ చలికాలం కాల్చాల్సిన కట్టె నిరుడో మొన్నటేడో కొట్టి ఉండాలి. కొత్తగా మొదలుపెట్టినవాడి దగ్గర అది ఎలా ఉంటుంది?

అందుకని మొదటి ఏడు కొనుక్కుందాం అనుకున్నాను. ఇక్కడ కట్టెల కొలత కార్డు: నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఇది కాక ఫేస్ కార్డు అని ఇంకోటుంది, పొడవూ ఎత్తూ అంతే గానీ వెడల్పు ఒక కట్టె పొడవే, పదహారంగుళాలు. అంటే మూడో వంతు. అమ్మేవాడు ఉత్త 'కార్డు' అన్నప్పుడు ఏ కార్డో అడిగి తీరాలి, నేను అడిగాను. ఫుల్ కార్డే, రెండేళ్ళు ఎండిన ఓక్ అన్నాడు. ట్రక్కు దింపి వెళ్ళాక తేమ మీటరు గుచ్చి చూస్తే కట్టె చివర 18 శాతం చూపించింది, బాగానే ఉందే అనిపించింది. పెద్దాయన నవ్వి, ఒక కట్టెని అక్కడికక్కడే గొడ్డలితో చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చమన్నాడు. 34! ఇరవై లోపు ఉండాలి. దుంగలుగా రెండేళ్ళు పడేసి, నిన్నో మొన్నో చీల్చిన సరుకన్నమాట. దుంగ దుంగగా ఉన్నంతకాలం బెరడు లోపల తేమ పెద్దగా కదలదు. ఫోన్ చేస్తే ఎత్తితే ఒట్టు. ఆ కట్టెల్ని అలాగే పేర్చి పక్కన పెట్టేశాం, తర్వాత పనికొచ్చాయనుకోండి.

మరి ఆ చలికాలం గట్టెక్కింది ఎలా అంటే, చచ్చిన యాష్ చెట్ల పుణ్యమాని. మా స్థలం వెనక అడవి ముక్కలో యాష్ చెట్లు చాలానే ఉన్నాయి, దాదాపు అన్నీ చచ్చినవో చావబోతున్నవో. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఆసియా నుంచి వచ్చిన ఆకుపచ్చ పురుగు, 2002లో మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర మొదట బయటపడింది, విస్కాన్సిన్‌లో 2008లో కనబడింది. బెరడు ఊడదీస్తే కింద కొయ్య మీద పాము మెలికల్లా చాళ్ళు కనిపిస్తాయి, పురుగు పిల్లలు తినుకుంటూ పోయిన దారులు అవి. చెట్టుకి నీళ్ళు, ఆహారం మోసే పొర అంతా తెగిపోయి రెండు నుంచి నాలుగేళ్ళలో చెట్టు నిలువునా ఎండిపోతుంది. పురుగు ఇంత దూరం పాకడానికి కట్టెల రవాణా కూడా పెద్ద కారణం, అందుకే ఇక్కడి స్టేట్ పార్కుల్లోకి పది మైళ్ళు దాటి తెచ్చిన కట్టెలు, సర్టిఫై చేసినవైతే తప్ప, రానివ్వరు.

యాష్‌కి ఒక మంచి గుణం, పచ్చిగా ఉన్నప్పుడే మిగతా చెట్లకన్నా తేమ తక్కువ. ఇక నిలబడి చచ్చి బెరడు రాలిపోయిన యాష్ అయితే, పై సగం కోసి చీల్చి కొన్ని నెలలు ఆరబెడితే చాలు, మీటరు ఇరవై దగ్గరికి వచ్చేస్తుంది. మొదలు భాగంలో మాత్రం తేమ నిలుస్తుంది, దాన్ని వేరుగా పేర్చాలి. మేం ఏప్రిల్‌లో మొదలుపెట్టి, దోమలు లేచేలోపు చెట్లు పడగొట్టే పని ముగించాం.

చచ్చిన యాష్ పడగొట్టడం మాత్రం ఆషామాషీ కాదు, ఇది గట్టిగానే చెబుతున్నా. కొయ్య పెళుసెక్కిపోయి ఉంటుంది. రంపం అదురుకి పైన కొమ్మ విరిగి నెత్తిమీద పడొచ్చు. పచ్చి చెట్టులా వంగదు, ఫటేల్మని విరుగుతుంది, లేదా కోస్తుండగానే నిలువునా చీలి మొదలు వెనక్కి తన్నుతుంది. నేను చెయిన్‌సా క్లాసుకి వెళ్ళి నేర్చుకున్నాకే ముట్టుకున్నాను, అదీ పెద్దాయన పక్కన ఉంటేనే. హెల్మెట్, చెవులకి మఫ్‌లు, కాళ్ళకి చాప్స్ (రంపం తగిలినా కాపాడే తొడుగులు) లేకుండా రంపం స్టార్ట్ చేయనిచ్చేవాడు కాదు ఆయన. ఆయన పద్ధతి ఇది: ముందు చెట్టు చుట్టూ తిరిగి తల పైకెత్తి చూడాలి, వేలాడే కొమ్మలున్నాయా, బోలు ఉందా, ఎటు వాలి ఉంది. తర్వాత పడే దిక్కుకి వెనకగా, ఏటవాలుగా పరిగెత్తడానికి రెండు దారులు శుభ్రం చేసుకోవాలి. అప్పుడు పడాల్సిన వైపు నోరులా గాటు, వెనకనుంచి కోత. మధ్యలో చెట్టు మందంలో పదో వంతు కొయ్య కోయకుండా వదలాలి, తలుపుకి మడతబందులా చెట్టుకి అదే ఆధారం, దాని మీదే వాలుతుంది. పచ్చి చెట్టుకైతే వెనక కోతలో ప్లాస్టిక్ వెడ్జ్ (చీల) పెట్టి దిమ్మదిరిగేలా కొట్టొచ్చు, చచ్చిన యాష్‌కి అలా బాదితే పైనుంచి కొమ్మలు రాలతాయి కాబట్టి వాలు ఎటుంటే అటే పడనివ్వాలి. అనుమానంగా ఉన్నవాటిని వదిలేశాం. ఉండనీ, వడ్రంగిపిట్టలకి పనికొస్తాయి.

రంపం విషయంలో నాకు బాగా పనికొచ్చినది ఒకటే, పొట్టు చూడ్డం. పదునుగా ఉంటే రంపం కింద చెక్క పెచ్చులు పడతాయి, మొద్దుబారితే పిండిలా రాలుతుంది. పిండి పడటం చూసిన మరుక్షణం ఆపేసి ఆకురాయి తీయాల్సిందే, ప్రతి పన్ను మీదా ఒకే కోణంలో రెండు మూడు తోపులు. దుంగ కోస్తూ కోస్తూ ఒక్క క్షణం మట్టి తగిలిందా, చెయిన్ పని అయిపోయినట్టే. పెట్రోలు యాభై పాళ్ళకి ఒక పాలు ఆయిల్ కలిపి పోయాలి, అది సరే.

చీల్చడం తేలిక. యాష్ నిలువు గీతలా చీలుతుంది, గొడ్డలి దెబ్బకి ఠక్కుమని. ఎల్మ్ జోలికి మాత్రం పోకండి, నారలు నారలుగా పీక్కొస్తుందే తప్ప విడిపోదు, హైడ్రాలిక్ స్ప్లిటర్ కూడా మూలుగుతుంది. చీల్చినవి ప్యాలెట్ల మీద, పడమటి గాలి అడ్డంగా దూరేలా వరసలు పేర్చి, పైన మాత్రమే రేకు కప్పాం, పక్కలు తెరిచే ఉంచాం. ఆ వేసవి అమ్మ ఇక్కడే ఉంది. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూసేది. ఖంగుమంటే ఒక వరసలో, దబ్బుమంటే ఇంకో వరసలో. మీటరుతో నేను సరిచూస్తే చాలావరకు ఆవిడ చెప్పిందే కరెక్టు.

ఇక చలికాలం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టెలు వేయాలి, మైనస్ ఇరవైలూ పాతికలూ పడినప్పుడు మధ్యలో ఇంకోసారి. తలుపు ఒక్కసారిగా తీయకూడదు. కొంచెం తెరిచి, పక్కకి నిలబడి, గాలి లోపలికి పోయి పొగ సర్దుకున్నాకే పూర్తిగా తీయాలి, లేకపోతే లోపల నిలిచిన వాయువు భగ్గున అంటుకుని మొహం మీదికొస్తుంది. ఎండ కాసే రోజుల్లో పొయ్యి నిండా కుక్కితే అది మండదు, డ్యాంపర్ మూసుకుని రోజంతా కుములుతూ పొగ వదులుతూ ఉంటుంది. ఈ పొగ వల్లే చాలా ఊళ్ళలో వీటిమీద రూల్స్ పెట్టారు. కేంద్రంలో ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) కూడా 2015లో కొత్త బాయిలర్లకి పొగ పరిమితులు తెచ్చి, 2020లో వాటిని ఇంకా బిగించింది. మాది అంతకుముందుది. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది, పొయ్యిలో నిప్పు మాత్రం ఆగదు, నీళ్ళు మరిగిపోతాయి. అందుకని చిన్న జెనరేటర్ తప్పదు.

ఆ జనవరిలో ఇంకో సంగతి బయటపడింది. మొదటి పెద్ద మంచు పడిన మర్నాడు పెరడంతా తెల్లగా ఉంటే, బాయిలర్ నుంచి ఇంటి గోడ దాకా అడుగు వెడల్పున పచ్చగడ్డి చార ఒకటి! మా ఆవిడ కిటికీలోంచి చూసి ముచ్చటపడింది, నాకు మాత్రం గుండె గుభేలుమంది. పాత ఓనర్ వేయించిన పైపుకి ఇన్సులేషన్ లోపల నీళ్ళు చేరి, మేం ఇన్ని తిప్పలు పడి పుట్టించిన వేడి గడ్డిని కాస్తోంది. వేసవి రాగానే కందకం తవ్వించి, నురుగు నింపిన కొత్త పైపు వేయించాం. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చు దానికే అయింది, కానీ తర్వాతి ఏడు కట్టెల వాడకం కంటికి కనబడేంత తగ్గింది. ఎవరైనా బాయిలర్ ఉన్న ఇల్లు కొంటుంటే చలికాలంలోనే వెళ్ళి చూడండి, మంచు మీద చార ఉందేమో.

మొన్న ఒక డాలస్ ఫ్రెండ్ ఫోన్ చేసి, ఇంతకీ గిట్టుబాటు అయిందా అని అడిగాడు. మంచి కట్టె ఒక కార్డులో ఉండే వేడి రమారమి రెండున్నర కోట్ల బీటీయూ (వేడికి ఇక్కడి కొలత), కానీ ఈ పాత బాయిలర్‌లో అందులో సగం కూడా ఇంట్లోకి రాదు. చలికాలానికి పది పన్నెండు కార్డులు పడతాయి. సొంత చెట్లుండి, ఒళ్ళు వంచితే ప్రొపేన్ ఖర్చు దాదాపు పూర్తిగా మిగులుతుంది. రంపం, స్ప్లిటర్, పైపు, శని ఆదివారాలు లెక్కేస్తే మొదటి రెండేళ్ళు ఏమీ మిగలదు. గ్యాస్ పైపులైను ఉన్న ఇంటికైతే ఈ తలనొప్పి ఎందుకూ, వద్దనే చెప్పాను వాడికి.

యాష్ చెట్లు ఇంకో రెండు మూడేళ్ళలో అయిపోతాయి. ఫారెస్టర్‌ని పిలిపిస్తే వచ్చి, గుబురుగా పెరిగిన చోట తీసేయాల్సిన మేపుల్ చెట్లకి రంగు వేసి వెళ్ళాడు. ఈ ఏడు కోయాల్సినవి అవే, కాల్చేది మాత్రం వచ్చేది కాక ఆ తర్వాతి చలికాలానికి. కొత్త గ్యాసిఫికేషన్ బాయిలర్ (కట్టె నుంచి వచ్చే పొగని కూడా మండించే రకం) కొందామా అని కూడా చూస్తున్నాం, కట్టెలో మూడో వంతు దాకా మిగులుతుందంటున్నారు, పొగా తక్కువే. కాకపోతే అది పచ్చి కట్టె అసలు ముట్టుకోదట. ఆ మోసపు ఓక్ వరస ఇప్పుడు మీటరు మీద 19 చూపిస్తోంది, బోణీ దానితోనే చేస్తాం.