ఎండ వేడి వేరు, చర్మాన్ని నల్లబరిచే కిరణం వేరు

మన తిరుపతిలో ఎండను అందరం వేడిని బట్టే లెక్కేస్తాం. కర్తరి మొదలైందా, రోహిణి కార్తె ఎప్పుడు, నిన్న ఎన్ని డిగ్రీలు కాసింది అని చూసుకుంటాం. వడదెబ్బ విషయంలో ఆ లెక్క సరైనదే. చర్మం దగ్గరికి వచ్చేసరికి అది పనికిరాదు. ముఖం నల్లబడటానికి, బుగ్గల మీద మంగు ముదరటానికి ప్రధాన కారణం అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనిపించవు, ఒంటికి వేడిగా తగలవు.

తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి. రోహిణి కార్తె కంటే నెల ముందే కిరణాల తీవ్రత పతాక స్థాయికి చేరుతుందన్నమాట. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉన్నా, పలచటి మబ్బులోంచి ఈ కిరణాలు చాలావరకు దిగుతూనే ఉంటాయి. గుర్తు పెట్టుకోవడానికి తేలికైన కొలత మీ నీడే. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ చర్మానికి గట్టిగా తగులుతున్నట్టే. మన దగ్గర వేసవిలో అది దాదాపు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడుంబావు దాకా.

కొండ మీద ఈ పొరపాటు ఇంకా ఎక్కువగా జరుగుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే అతినీలలోహిత కిరణాలు దాదాపు పది శాతం పెరుగుతాయి. అంటే కింద తిరుపతి కంటే పైన ఏడెనిమిది శాతం ఎక్కువ. గాలి మాత్రం చల్లగా ఉంటుంది కాబట్టి మాడ వీధుల్లో గంటల తరబడి తిరిగినా తెలియదు. సాయంత్రం గదికి వచ్చాక మెడ వెనక మంట మొదలవుతుంది.

ఈ కిరణాల్లో మనకు సంబంధించినవి రెండు రకాలు. యూవీబీ చర్మం పైపొరను కాలుస్తుంది, ఎర్రగా కమిలేలా చేస్తుంది. కిటికీ అద్దం దాన్ని చాలావరకు ఆపుతుంది. యూవీఏ ఇంకా లోతుకు వెళ్ళి రంగును ముదరబెడుతుంది, చర్మంలోని బిగువును తగ్గిస్తుంది, మంగును రెచ్చగొడుతుంది. మామూలు అద్దంలోంచి చాలా భాగం దూరి వస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరుకి రోజూ కారులోనో ఏసీ బస్సులోనో ఒకే వైపు కిటికీ పక్కన కూర్చునేవాళ్ళకి ఒక బుగ్గ మీదే మచ్చలు ముదరడానికి ఇదొక కారణం.

ఇక ఈ కిరణాలను ఆపడానికి పూసుకునే సన్‌స్క్రీన్ ట్యూబు మీద రాసే అంకెల సంగతి. ఎస్‌పీఎఫ్ అనేది ప్రధానంగా యూవీబీ లెక్క, చర్మం ఎర్రబడటాన్ని బట్టి తీసిన కొలత. ఎస్‌పీఎఫ్ 15 దాదాపు 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. ఇక్కడ 50కీ 100కీ తేడా ఒక్క శాతం. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది. పైగా మనలో చాలామందివి చామనఛాయ, నలుపు రంగు చర్మాలు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎర్రగా కాలడం తక్కువ, ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ కూడా తెల్లవాళ్ళతో పోలిస్తే బాగా తక్కువ. మన బాధంతా రంగు తేడాలు, మంగు, మొటిమలు తగ్గాక మిగిలే నల్లమచ్చలు. వీటిలో యూవీఏ పాత్ర పెద్దది. కాబట్టి మనవాళ్ళు ముందు చూడాల్సింది ఎస్‌పీఎఫ్ పక్కన, యూవీఏ రక్షణ ఎంతో చెప్పే పీఏ గుర్తును. ఒక ప్లస్ నుంచి నాలుగు ప్లస్‌ల దాకా ఉంటుంది, మూడు తక్కువ కాకుండా తీసుకోండి. కొన్నింటి మీద పీఏ ఉండదు, గుండ్రటి గీతలో యూవీఏ అని రాసి ఉంటుంది. యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని దాని అర్థం. అదీ మంచిదే. ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50, పీఏ మూడు లేక నాలుగు ప్లస్‌లు ఉంటే చాలు.

లోపలి సరుకు దగ్గరే ‘ఏది సురక్షితం’ అనే అసలు ప్రశ్న వస్తుంది. కిరణాలను ఆపే పదార్థాలను ఫిల్టర్లు అంటారు. వాటిలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజ రకాలు. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ప్రతిపాదించిన నియమాల్లో, భద్రతకు సరిపడా ఆధారాలు ఉన్నాయని ఈ రెండింటినే చెప్పింది. మిగతా రసాయన ఫిల్టర్లలో చాలావాటికి ఇంకా సమాచారం కావాలంది. అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో అవోబెంజోన్, ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటివి ఒళ్ళంతా పూసుకున్నవాళ్ళ రక్తంలో కనిపించాయి. రక్తంలో కనిపించడం వేరు, హాని చేయడం వేరు. సన్‌స్క్రీన్ మానేయమని ఎఫ్‌డీఏ కూడా అనలేదు. అయినా గర్భిణులకు, చిన్న పిల్లలకు, త్వరగా దురద వచ్చే చర్మానికి నేను ఖనిజ రకమే చెబుతాను. రసాయన ఫిల్టర్లలో అలర్జీకి పేరు పడ్డది ఆక్సీబెంజోన్. లేబుల్ మీద బెంజోఫినోన్-3 అని ఉన్నా అదే. అవోబెంజోన్ ఎండకు తానే విరిగిపోతుంది, పక్కన ఆక్టోక్రిలీన్ లాంటి తోడు ఉంటేనే నిలబడుతుంది. అవోబెంజోన్‌తో ఆక్టినాక్సేట్ అనే మరో రసాయన ఫిల్టర్ మాత్రమే ఉండి, నిలబెట్టే పదార్థం ఏదీ కనిపించకపోతే ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. కొత్త తరం ఫిల్టర్లలో బెమోట్రిజినాల్ ఎండకు బాగా నిలుస్తుంది, రెండు రకాల కిరణాలనూ ఆపుతుంది.

ఖనిజ రకంతో చిక్కు ఒకటుంది. మన రంగు మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తోందని తక్కువ పూస్తే, ఎంత మంచి సరుకైనా పనిచేయదు. దీనికి విరుగుడు, రంగు కలిపిన సన్‌స్క్రీన్. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ల నుంచి వస్తుంది. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, సాధారణ సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ కొంతవరకు ఆపుతుంది. మంగు ఉన్నవాళ్ళు లేబుల్ మీద ఆ పేరు వెతికి మరీ కొనండి.

మన దేశంలో సన్‌స్క్రీన్‌ను సౌందర్య సాధనం కిందే లెక్కిస్తారు. పెట్టె మీద తయారీదారు చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఇవి లేని సరుకు ఎంత చౌకైనా వద్దు. మూత తీసిన డబ్బా బొమ్మ పక్కన 12 అని ఉంటే, తెరిచాక పన్నెండు నెలల్లో వాడేయాలని. స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి. మే నెల ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ మాడిపోతుంది, ఆ వేడికి క్రీములో నూనె, నీరు విడిపోతాయి. నొక్కగానే ముందు నీరు కారినా, గరుకుగా తగిలినా, వాసన మారినా అది చెడిపోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది పరిమాణం దగ్గర. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ముఖం, చెవులు, మెడ కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 1.2 గ్రాములు కావాలి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు గీస్తే దాదాపు అంత వస్తుంది. బఠాణీ గింజంత పూసుకుంటే 50 అని రాసి ఉన్నా ఆ రక్షణ రాదు. సగం పూస్తే సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది. రోజుకు రెండుసార్లు సరిగ్గా పూస్తే 50 గ్రాముల ట్యూబు ఇరవై రోజుల్లో అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే లెక్క ఎక్కడో తప్పింది.

ఇదే లెక్క చేతులకు వేయండి. రెండు చేతులకూ భుజం నుంచి వేళ్ళ దాకా పూయాలంటే ఒక్కసారికే ఆరు గ్రాములు, అంటే ట్యూబు ఎనిమిది సార్లకే ఖాళీ. మధ్యతరగతి ఇంట్లో అది కుదిరే పని కాదు. అందుకే చేతులకు నిండు చేతుల చొక్కా, ముఖానికి సన్‌స్క్రీన్ అన్నది నా సలహా. బట్టలోనూ తేడా ఉంది. పలచటి తెల్ల కాటన్‌లోంచి కిరణాలు బాగానే దూరతాయి, చెమటకు తడిస్తే ఇంకా ఎక్కువ. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలివి కనిపించని నేత కావాలి. ముదురు రంగు వేడి అనిపించినా కిరణాలను ఎక్కువ ఆపుతుంది. చున్నీ చుట్టుకుని బండి నడిపే అమ్మాయిలు రెండు మడతలు వేసుకుంటే మంచిది. కళ్ళ చుట్టూ, ముక్కు మీద మిగిలే భాగానికి సన్‌స్క్రీన్ ఎలాగూ తప్పదు.

పూసే వరుస ఇది: ముఖం కడిగి, మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక సన్‌స్క్రీన్, దాని మీద పౌడరో మేకప్పో. బయలుదేరడానికి పావుగంట ముందే పూయాలి. చెవుల అంచులు, మెడ వెనక, జుట్టు పాపిట పక్కన మరిచిపోతారు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. వాటర్ రెసిస్టెంట్ 40 నిమిషాలు, 80 నిమిషాలు అని రాసేది తడిలో నిలిచే సమయం, రోజంతా అని కాదు. చెమట పడితే తువ్వాలుతో రుద్దకండి, అద్దుకోండి. జిడ్డు చర్మానికి జెల్ రకం, పొడి చర్మానికి క్రీము. కొత్త రకం కొన్నప్పుడు మోచేతి లోపలి వైపు రెండు మూడు రోజులు రాసి చూసి, దురద లేకపోతేనే ముఖానికి ఎక్కించండి.

తలనీలాలు ఇచ్చినవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతవరకు ఎండ చూడని చర్మం ఒక్క గంటలో నేరుగా ఎండకు వస్తుంది, పైగా కత్తి గాట్లు ఉంటాయి. గుండుకు గంధం చల్లగా హాయిగా ఉంటుంది, పూసుకోండి. కానీ అది కిరణాలను ఆపుతుందని ధీమాగా ఎండలో తిరగకండి. ఆ రోజుకు టోపీనో, తడపని కాటన్ తుండుగుడ్డనో కప్పుకోవాలి. గాట్లు మానాక తలకూ ముఖమంత పరిమాణంలో పూయవచ్చు. పుట్టు వెంట్రుకలు తీయించిన పసిబిడ్డకు ఆరు నెలలు నిండకపోతే సన్‌స్క్రీన్ వద్దు. టోపీ, నీడ, తేలికైన నిండు బట్టలు, అంతే.

చిత్తూరు వైపు మామిడి తోటల్లో వేసవి చర్మ బాధలకు ఇంకో కారణం ఉంది, కాయ తొడిమ దగ్గర చిమ్మే సొన. అది తగిలిన చోట మండి, బొబ్బలెక్కి, చివరికి నల్లమచ్చ మిగులుతుంది. చాలామంది ఎండ దెబ్బ అనుకుంటారు. కోతకు దిగేముందు చేతులకు కొబ్బరినూనె రాసి, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. సొన పడిన వెంటనే సబ్బుతో కడగాలి, సాయంత్రం దాకా ఆగకూడదు. వయ్యారిభామ మొక్క పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి తగిలినా ముఖం, మెడ, మోచేతుల మడతల్లో దురద, దద్దుర్లు వస్తాయి, ఎండకు ఎక్కువవుతాయి. ఇవి సన్‌స్క్రీన్‌తో తగ్గవు, ఆ మొక్కకు దూరంగా ఉండాల్సిందే. నిమ్మరసం ముఖానికి రాసి ఎండలోకి వెళ్ళడం ఇంకో ప్రమాదం. నిమ్మజాతి రసంలోని పదార్థం యూవీఏ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది. నలుపు పోతుందని చేసే చిట్కానే కొత్త నలుపు తెస్తుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మందులు వేసుకునేవాళ్ళకీ చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. మందు మానకుండా, డాక్టరుకు చెప్పి జాగ్రత్త పడాలి.

కమిలిపోతే పది పదిహేను నిమిషాలు చల్లటి నీటి గుడ్డ వేయండి, ఐసు నేరుగా వద్దు. తర్వాత మాయిశ్చరైజర్. బొబ్బలు చిదమకండి. జ్వరం, వాంతులు ఉంటే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. చెమటకాయలకు చల్లటి స్నానం, వదులు బట్టలు, కాలమైన్ లోషన్ చాలు. నూనె పట్టిస్తే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి.

చివరిది, అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది. నలుపు పోవాలని మందుల షాపులో అడిగితే చేతికి వచ్చే ట్యూబు. మొమెటసోన్, బెటామెథసోన్, క్లోబెటసాల్ పేర్లు ఉంటే అవి స్టెరాయిడ్లు. ఇలాంటి పైపూత స్టెరాయిడ్లు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు. వాడిన మొదట్లో ముఖం తెల్లబడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలో అడుగు పెడితే మంట. తామరకు ఇవే రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం చాప కింద నీరులా పాకిపోతుంది. చిరునామా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది, అది మూత్రపిండాలను పాడు చేస్తుంది. ఇప్పటికే నెలలుగా స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది, అది చూసి భయపడి మళ్ళీ అదే ట్యూబు పట్టుకుంటారు. దాన్ని పారేయకుండా వెంట తీసుకుని రుయా లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగానికి వెళ్ళండి. పేరు, ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారు, రోజుకు ఎన్నిసార్లు అన్నది చెబితే ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్ళు రాసిస్తారు.